పాలకొల్లు పాత సామాన్ల కొట్టు నుంచి హార్డ్ డిస్కు దాకా: ఒక మిలటరీ రీలుతో నా అనుభవం

2025 సంక్రాంతి వెళ్ళిన వారంలో, పాలకొల్లులో పాత ఇనుము, పాత పేపర్లు కొనే ఒక వ్యాపారి నాకు ఫోన్ చేశాడు. నరసాపురంలో పడగొడుతున్న ఒక పెంకుటింటి అటక మీద నుంచి సినిమా రీళ్ళ డబ్బాలు వచ్చాయని, రేకు బరువుకు అమ్మేద్దామనుకుంటుండగా నేను గుర్తొచ్చానని చెప్పాడు. మరునాడు కొట్టు తెరిచే వేళకే వెళ్ళాను. కాటా పక్కన గోనె సంచీ మీద ఆరు గుండ్రటి డబ్బాలున్నాయి. వాటిలో నాలుగింటి మూతలు తుప్పుతో బిగుసుకుపోయాయి. మిగిలిన రెండింటిలో ఒకదాని మీద అంటించిన కాగితపు ముక్కపై, వెలిసిపోయిన సిరాతో ‘మిలటరీ, తెలుగు’ అన్న చేతిరాత కనిపించింది. ఆ మూత ఎత్తేసరికి వెనిగర్ వాసన గుప్పున కొట్టింది.

"మాస్టారండీ, మీ మొహం చూశాక ఇంక కేజీ రేటు చెప్పనండి, డబ్బాకి పన్నెండొందలు ఇప్పించండి" అన్నాడతను. బేరమాడి ఆరింటికీ కలిపి 6,000 రూపాయలకు ఒప్పించాను. బిల్లు రాయించుకున్నాను, ఆ ఇంటివారి ఫోన్ నంబరు కూడా తీసుకున్నాను. ప్రభుత్వ ముద్ర ఉన్న ప్రింటు చేతికొచ్చినప్పుడు అది ఎలా బయటికొచ్చిందో తెలుసుకుని, కాగితం మీద పెట్టుకోవడం తప్పనిసరి. ఆ ఇంటి పెద్దాయన చాలా కాలం కిందట ప్రభుత్వ ప్రచార వ్యానులో ఆపరేటరుగా పనిచేశారట. పనికిరావని పక్కన పెట్టిన ప్రింట్లను శాఖ వేలం వేసినప్పుడు కొన్నారని వారి కుమారుడు చెప్పారు. ఆ రోజుల్లో అలాంటి వేలంలో కొనేవారు ఎక్కువగా నలుపు తెలుపు ఫిల్ము నుంచి వెండి తీసేవారే కనుక, ఒక మనిషి వాటిని అటక మీద దాచడమే నా అదృష్టం.

సైన్యంలో చేరమని పిలిచే పాత డాక్యుమెంటరీల మీద సేకర్తలకు ఉండే మక్కువ నాకు చాలా ఏళ్ళుగా ఉంది. కథా చిత్రాలను నిర్మాతలు, అభిమానులు ఎలాగో కాపాడుకుంటారు. భర్తీ చిత్రం మాత్రం ఆ ఏటి అవసరానికి తీసి, ఆ అవసరం తీరగానే పారేయడానికి పుట్టింది. అందులో కనిపించేది నటులు కాదు, నిజంగా వరుసలో నిలబడ్డ కుర్రవాళ్ళు. వాళ్ళకు ప్రభుత్వం ఏ మాట చెప్పి ఇల్లు కదిలించిందో ఆ పది నిమిషాల్లో తెలుస్తుంది. మన దేశంలో ఇంకో సంగతి ఉంది. ఒకే బొమ్మకు భాషకొక వ్యాఖ్యానం చేర్చి ప్రింట్లు వేసేవారు కనుక, బొమ్మ ఎక్కడో ఒకచోట దొరికే ఆశ ఉంటుంది గానీ, తెలుగు వ్యాఖ్యానం ఉన్న ప్రింటు ఊరూరా తిరిగి అరిగిపోయిన వ్యాను డబ్బాల్లోనే మిగలాలి. నేను వెతుకుతున్నది ఆ గొంతు కోసం. ఈ పని మొత్తంలో నేను తీసుకున్న ప్రతి నిర్ణయమూ, పెట్టిన ఖర్చులో చాలా భాగమూ ఆ ధ్వని కోసమే.

ఇంటికి తెచ్చాక డబ్బాలను లోపలి గదిలోకి రానివ్వలేదు. వెనిగర్ వాసన వచ్చే ఫిల్ము పక్కన ఆరోగ్యంగా ఉన్న ఫిల్ము పెడితే ఆ ఆమ్లపు ఆవిరికి అదీ పాడవడం మొదలుపెడుతుంది కనుక, వరండాలో బల్ల వేసి అక్కడే పరీక్షించాను. తుప్పు పట్టిన నాలుగింటిలో మూడు పూర్తిగా గడ్డకట్టాయి, నాలుగోదానిలో ఖాళీ లీడరు చుట్ట (సినిమాకు ముందు అతికించే, బొమ్మ లేని ఫిల్ము) మాత్రమే ఉంది. కాగితం అంటించని మంచి డబ్బాలో వ్యవసాయం మీద తీసిన రీలు ఉంది, దాని సంగతి ఇక్కడ అనవసరం. ‘మిలటరీ’ రీలు 16 మిల్లీమీటర్ల ప్రింటు, ఒకవైపు మాత్రమే రంధ్రాలు, రెండోవైపు సన్నని ధ్వని పట్టీ. అంచున ‘సేఫ్టీ’ అన్న ముద్ర ఉంది. 16 మిల్లీమీటర్ల ఫిల్మును మొదటినుంచీ ఎసిటేటు మీదే తయారుచేశారు కనుక, పాత 35 మిల్లీమీటర్ల నైట్రేటు ఫిల్ములా భగ్గున అంటుకునే భయం లేదు. ఎసిటేటుకున్న జబ్బు వేరు. వేడికీ తేమకూ అది లోపలే విరిగి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం మళ్ళీ ఆ విరగడాన్నే వేగపరుస్తుంది. ఏడాదిలో సగం రోజులు గోడలు చెమర్చే మన డెల్టాలో, పెంకుల కింద అటక మీద, అది ఇన్నాళ్ళు నిలవడమే గొప్ప.

తలభాగం తెగిపోయింది. పేరు, సెన్సారు సర్టిఫికెట్టు, ఎవరు తీశారన్న అక్షరాలు అన్నీ దానితోపాటు పోయాయి. సేకర్తల్లో విలువ కట్టేవారు మొదట చూసేది తలా తోకా ఉన్నాయా అనే. ఇక మిగిలిన ఆధారం అంచు గుర్తులు. కొడాక్ సంస్థ ఫిల్ము తయారైన సంవత్సరాన్ని చిన్న వృత్తాలు, చతురస్రాలు, త్రిభుజాలతో అంచున ముద్రించేది. ఆ గుర్తుల వరుస ఇరవై ఏళ్ళకొకసారి తిరిగి మొదలవుతుంది. భూతద్దం పెట్టి పట్టికతో పోల్చి చూస్తే నా రీలు మీద గుర్తులు 1943కైనా 1963కైనా సరిపోతున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1943 అయితే అది యుద్ధకాలపు చిత్రం. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన మరుసటి సంవత్సరం, బ్రిటిష్ ప్రభుత్వపు ప్రచార చిత్రాల సంస్థ ‘ఇన్ఫర్మేషన్ ఫిలిమ్స్ ఆఫ్ ఇండియా’ పుట్టిన సంవత్సరం, ప్రభుత్వం ఆమోదించిన చిత్రాలను హాళ్ళవారు వేసి తీరాలని నిబంధన వచ్చిన సంవత్సరం. అలాంటి తెలుగు ప్రింటు ఒక్కటి దొరికితే చాలని జీవితమంతా ఎదురుచూసేవారున్నారు.

తెల్లవారాక, ఫోను తెర వెలుగు కింద పెట్టి ఒక్కో అడుగూ చేత్తో తిప్పుతూ చూశాను. కవాతు దృశ్యంలో ఒక హవల్దారు టోపీ బిళ్ళ దగ్గరగా వచ్చిన చోట ఆగాను. బిళ్ళ పైన కిరీటం లేదు, అశోకుని సింహాలున్నాయి. కాబట్టి 1963. ఒక క్షణం నిరుత్సాహం కలిగిన మాట నిజం. కానీ చైనా యుద్ధం ముగిసి, సైన్యాన్ని 8,25,000 మందికి పెంచాలన్న ప్రణాళిక నడిచిన కాలపు చిత్రం అంటే, దాన్ని చూసి బండెక్కిన మనుషులు ఇంకా మన మధ్య ఉండవచ్చు. ఆ ఆలోచన రాగానే ఈ రీలు మీద నాకు ప్రేమ రెట్టింపయింది.

భీమవరంలో ఒక మిత్రుడి దగ్గర నడిచే బెల్ అండ్ హోవెల్ ప్రొజెక్టరు ఉంది. "ఒక్కసారి వేసి చూద్దాం గురువుగారూ, ఒక్కసారికి ఏమైపోద్ది" అని వారం రోజులు ఫోన్లు చేశాడు. నాకూ చూడాలనే ఉంది. అయినా ముందు కుదింపు కొలిచాను. ఇందుకు ప్రత్యేక పరికరం లేకపోయినా పని జరుగుతుంది: కొత్త ప్రింటు ఫిల్ములో వంద రంధ్రాల దూరం 762 మిల్లీమీటర్లు ఉండాలి. ఉక్కు స్కేలు పక్కన నా రీలును పరిచి, వంకరలు పోయేలా మెల్లగా అదిమిపట్టి కొలిస్తే 753 వచ్చింది. అంటే 1.2 శాతం కుదించుకుపోయింది. ఒక శాతం దాటిన ఫిల్మును మామూలు ప్రొజెక్టరుకు ఎక్కిస్తే దాని పళ్ళు రంధ్రాల్లో సరిగ్గా పడక, వరసగా చింపుకుంటూ పోతాయి. మిత్రుడికి ఆ స్కేలు ఫొటో పంపాక మళ్ళీ అడగలేదు.

ఆమ్లం ఎంతవరకు ముదిరిందో చెప్పే కాగితపు పట్టీలు విదేశం నుంచి తెప్పించాలి. ఆర్డరు పెట్టాక మూడు వారాలకు పైగా పట్టింది. నీలిరంగు పట్టీని డబ్బాలో పెట్టి మూసి ఒక రోజు ఉంచితే, ఆరోగ్యమైన ఫిల్ము దగ్గర నీలంగానే ఉంటుంది, జబ్బు ముదిరిన కొద్దీ ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారుతుంది. నాది ఆకుపచ్చ దాటి పసుపు వైపు తిరిగింది. అంటే ఆమ్లం తనంతట తానే పెరిగే దశ దాటింది, ఇంకో రెండు మూడు వేసవులు ఆగితే ధ్వని పట్టీ కూడా ముడుచుకుపోతుంది. ఇక తాత్సారం చేయడానికి లేదు. తుప్పు రేకును వదిలి గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను. ప్రయాణం దాకా తేమనూ ఆమ్లపు ఆవిరినీ పీల్చే మాలిక్యులర్ సీవ్ పొట్లాలు పక్కన పెట్టాను. పట్టీలకు, డబ్బాలకు, పొట్లాలకు కలిపి 5,000 రూపాయలు దాటాయి.

స్కానింగు చేసేవారి కోసం వెతకడం ఫిబ్రవరి నెల మొత్తం తినేసింది. పెళ్ళి వీడియోలు, పాత క్యాసెట్లు మార్చిపెట్టేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళలో ఒకరు గోడమీద వేసి కెమెరాతో తీసిస్తామన్నారు. నాకు కావలసింది పళ్ళ చక్రాలు లేకుండా, మెత్తని రోలర్ల మీద ఫిల్మును నడిపి, ఒక్కో ఫ్రేమునూ విడిగా చదివే యంత్రం. అది చెన్నైలో ఒక ప్రైవేటు ల్యాబులో దొరికింది. అక్కడ కూడా నిమిషాల లెక్కన కాకుండా కనీస చార్జీ ఉంటుందని, ధ్వనికి విడిగా కట్టాలని ముందు తెలియదు. నా రీలు సుమారు 340 అడుగులు. నిమిషానికి 36 అడుగుల చొప్పున తొమ్మిదిన్నర నిమిషాలే. అయినా శుభ్రం చేయడం, స్కానింగు కలిపి 14,000, ధ్వని పట్టీని ప్రత్యేకంగా చదవడానికి 4,500, ఆపైన 18 శాతం జీఎస్‌టీ, వెరసి 21,830 రూపాయలు. ధ్వని వద్దనుకుంటే తగ్గుతుందని ఫోనులో ఆ అమ్మాయి మంచిమనసుతోనే చెప్పింది. ధ్వని లేకపోతే నాకు బొమ్మే అక్కరలేదన్నాను.

కొరియరు కౌంటరులో ‘సినిమా ఫిల్ము’ అన్న మాట వినగానే, అంటుకునే వస్తువని తీసుకోలేదు. సేఫ్టీ ముద్ర చూపించినా వినలేదు. ఒక విధంగా అదే మంచిదైంది. మార్చి మొదటి వారంలో భీమవరంలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, డబ్బా ఉన్న సంచీని తల కింద పెట్టుకుని చెన్నై వెళ్ళాను. స్టేషన్లలో ఎక్స్‌రే యంత్రం చూసి భయపడనక్కరలేదు. కడగని ఫిల్ముకే దానితో చేటు, ఒకసారి డెవలప్ చేసిన ప్రింటుకు ఏమీ కాదు.

ల్యాబులో ఆ రోజు ఒక విషయం చూశాను. పని మొదలుపెట్టే ముందు అక్కడి కుర్రవాడు తెల్ల నూలు తొడుగులు వేసుకుని, రీలు మొత్తం రెండు వేళ్ళ మధ్య నుంచి జారవిడుస్తూ తిప్పాడు. చూపు గోడ మీద ఉంది, వేళ్ళే చూస్తున్నాయి. ఎక్కడ జాయింటు తగిలితే అక్కడ ఆగి చిన్న కాగితం పెట్టాడు. అలా పదకొండు జాయింట్లు తేలాయి. వాటిలో చాలావరకు వ్యానులో ఎవరో తొందరగా ఫిల్ము సిమెంటు అనే జిగురుతో అతికించినవి. ప్రతి దానినీ విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ అతికించాలన్నాడు. అడ్వాన్సు కట్టించుకుని ఆరు వారాలన్నారు. అవి పన్నెండు వారాలయ్యాయి. యంత్రం మరమ్మతు, తర్వాత ఒక పెద్ద సినిమా పని అడ్డువచ్చిందన్నారు. ఏప్రిల్, మే నెలల ఎండలో ఆ రీలు నా దగ్గర లేదని ఒక నిశ్చింత, ఎక్కడ ఎలా ఉందో తెలియక ఒక ఆందోళన, రెండూ కలిసి ఉండేవి.

మే చివర్లో ఫైళ్ళు సిద్ధమయ్యాయని ఫోన్ వచ్చింది. ఇంకో ఆశ్చర్యం అప్పుడు ఎదురైంది. ఫ్రేముకొక ఫైలు చొప్పున ఉంచిన అసలు ప్రతి దాదాపు 170 జీబీ ఉంది. అడుగుకు 40 ఫ్రేములు, 340 అడుగులకు 13,600 బొమ్మలన్నమాట. అది పట్టే హార్డ్ డిస్కు మనమే ఇవ్వాలి. ఒకటి కాదు, రెండు కొన్నాను, రెండోది మా అమ్మాయి ఇంట్లో ఉంది. చూసుకోవడానికి వేరే చిన్న ఫైలు ఇస్తారు.

ఆ రాత్రి ఇంట్లో, అందరినీ కూర్చోబెట్టి వేశాను. మొదటి దృశ్యమే ఒక వరండాలో కొలతలు. చొక్కా విప్పిన కుర్రవాడి ఛాతీ చుట్టూ డాక్టరు టేపు పెట్టి పీల్చమంటాడు. ఆ కుర్రవాడు పీల్చి, బిగబట్టి, కెమెరా తనను చూస్తోందని తెలిసి కళ్ళు మాత్రం అటు తిప్పుతాడు. టేపు రెండు కొసల మధ్య డాక్టరు బొటనవేలు జరగడం స్పష్టంగా కనబడుతుంది. డాక్టరు నోరు తెరిచి అంకె చెబుతాడు, పక్కన ఒకతను రాసుకుంటాడు, అప్పుడుగానీ కుర్రవాడు ఊపిరి వదలడు. ఎవరో దర్శకుడు చెప్పి చేయించింది కాదది. అలాంటి ఒక్క క్షణం కోసం సేకర్తలు ఏళ్ళ తరబడి డబ్బాలు తెరుస్తూ ఉంటారు.

ఇక గొంతు. మొదట సముద్రపు హోరులా గరగర, దాని వెనుక నుంచి తేటగా, ఒక్కో అక్షరాన్నీ నొక్కి పలికే మగ గొంతు. కూలీ మీదో పొలం మీదో బతికే ఇంటికి జీతం, బట్టలు, భోజనం, చదువు, పింఛను ఏవేవి వస్తాయో వరుసగా చెబుతుంది. దేశం, శత్రువు, త్యాగం అన్న మాటలు చాలా ఆలస్యంగా, చివరి రెండు నిమిషాల్లోనే వస్తాయి. మనియార్డరు తీసుకుంటున్న తల్లి మాత్రం మధ్యలోనే ఉంది. పిలుపు ఎవరికి, ఏ ఆశ చూపి అన్నది ఆ వరుసే చెప్పేస్తోంది.

జాయింట్ల దగ్గర ఒక చిత్రం గమనించాను. 16 మిల్లీమీటర్ల ప్రింటులో ధ్వని, దాని బొమ్మకన్నా 26 ఫ్రేములు ముందు ముద్రించి ఉంటుంది. అందువల్ల తెగిన చోట బొమ్మ ఎగిరిన ఒక సెకను తర్వాత మాట తెగుతుంది. ఎంత పోయిందో, ఏ పదం పోయిందో పట్టుకోవడానికి ఇది బాగా ఉపయోగపడింది. జూన్ నెలంతా ఒక్కో మాటా వింటూ వ్యాఖ్యానాన్ని నోటు పుస్తకంలోకి ఎత్తి రాశాను. చాలా చోట్ల వాక్యాన్ని బట్టి పోయిన పదం ఊహకు అందుతుంది గానీ, అలా పూరించినవాటిని వేరే సిరాతో రాశాను. గరగరను పూర్తిగా తుడిచేస్తామని ల్యాబువారన్నారు, వద్దన్నాను. అది తుడిస్తే ‘స’, ‘శ’ లు కూడా దానితోపాటు పోతాయి.

హక్కుల విషయం కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే ప్రింటు మనదైనంత మాత్రాన చిత్రం మనది కాదు. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ప్రభుత్వ రచనకైనా, చలనచిత్రానికైనా విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. 1963లో విడుదలైతే 2023 చివరికి గడువు తీరింది. కానీ అంచు గుర్తు చెప్పేది ఫిల్ము తయారైన ఏడాదే, విడుదల తేదీ కాదు. 1965 అయితే 2025 చివరిదాకా ఆగాలి. అందుకని బహిరంగంగా ఎక్కడా పెట్టకుండా, దృశ్యాల వివరం, వ్యాఖ్యానం ప్రతి, నాలుగు ఫొటోలు జతచేసి ఒక ప్రభుత్వ సంస్థకు జూన్ చివర్లో ఉత్తరం రాశాను. రెండు నెలల దాకా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వచ్చిన జవాబు మర్యాదగా ఉంది: పేరు లేకుండా జాబితాలో వెతకడం కష్టమని, పోల్చడానికి ప్రయత్నిస్తామని.

ఈలోగా ఆగస్టులో, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. ఇంటికొకరుగా సైన్యానికి పంపిన ఊరని, మిలటరీ మాధవరం అని చుట్టుపక్కలంతా పిలుచుకునే ఊరది. అక్కడ ఎనభై దాటిన ఒక మాజీ సైనికుడు, పరిచయస్థుల ద్వారా, చూడటానికి ఒప్పుకున్నారు. ఛాతీ కొలిచే దృశ్యం రాగానే ముందుకు వంగారు.

"ఆయ్, రెండంగుళాలు ఉబ్బాలండి. నాకు మొదటిసారి చాల్లేదు. నెల రోజులు చెరువులో ఈదమన్నారు మా బాబాయి, ఈది మళ్ళీ వెళ్ళాను" అన్నారు.

ఈ సినిమా చూశారా బాబాయిగారూ అని అడిగాను. ఇదే అని చెప్పలేనని, రామాలయం దగ్గర తెర కట్టి మిలటరీ సినిమా వేయడం మాత్రం గుర్తుందని, తాను దాన్ని చూసి చేరలేదని, ఊళ్ళో అందరూ వెళ్తున్నారని వెళ్ళానని అన్నారు. భోజనం దృశ్యం వచ్చినప్పుడు, "పప్పు అంత చిక్కగా ఉండేది కాదండి" అన్నారు. జీతం, బట్టలు, పింఛను గురించి గొంతు చెబుతున్నప్పుడు మాత్రం ప్రతి దానికీ తల ఊపారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఇచ్చారనీ, ఆ పింఛనుతోనే ఈ ఇల్లు కట్టాననీ అన్నారు. ఆయన అనుమతితో ఆ మాటలన్నీ రికార్డు చేసి, ఫైళ్ళ పక్కనే అదే డిస్కులో ఉంచాను. ఎవరైనా ఇలాంటి రీలు కాపాడితే, దాని కాలపు మనిషి దొరుకుతాడేమో వెంటనే చూడమని అడుగుతున్నాను. ఈ పనిలో ఫిల్ము కన్నా ముందు మించిపోయే గడువు అదే.

మొత్తం ఖర్చు ప్రయాణాలతో కలిపి 42,000కు చేరింది. తొమ్మిదిన్నర నిమిషాల సినిమాకు ఇంతా అని అడిగినవారికి నేను వాదించలేదు. వ్యాఖ్యానం ప్రతి ఇచ్చి చదవమన్నాను. అసలు రీలు ఇప్పుడు పొట్లాలు మార్చిన డబ్బాలో, విడిగా కొన్న చిన్న ఫ్రిజ్‌లో, రెండు పొరల కవరులో ఉంది. బయటికి తీసేటప్పుడు గది వేడికి పూర్తిగా వచ్చేదాకా కవరు విప్పకూడదు, లేకపోతే ఫిల్ము మీద నీరు పడుతుంది. పట్టీతో పరీక్ష మళ్ళీ సంక్రాంతికి చేస్తాను. సెప్టెంబరులో వేరే రాష్ట్రానికి చెందిన ఒక సేకర్త, తన దగ్గరున్న పేరు లేని హిందీ ప్రింటులో ఛాతీ కొలిచే దృశ్యం ఉందని కబురు పంపారు. ఆయన ప్రింటుకు తలభాగం లేదు కానీ, నా దాంట్లో పోయిన చివరి అరనిమిషం ఉందట. రెండు ప్రింట్ల ఫొటోలు ఫ్రేము ఫ్రేముకూ సరిచూస్తున్నాము. హిందీ వ్యాఖ్యానం ప్రతి అందితే, వేరే సిరాతో రాసిన పదాల్లో కొన్నింటినైనా నా ఊహ సరైనదో కాదో తేల్చుకోగలను.